ఎం.ఏ. ఇంగ్లీషు, విభాగం కార్యక్రమాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ప్రవేశాల కాలం రాగానే నా ఫోను మోగడం మొదలవుతుంది. కావలి నుంచి ఒకరు, ఆత్మకూరు నుంచి ఒకరు, టంగుటూరు నుంచి మరొకరు. ఊళ్లు వేరు, గొంతులు వేరు, సందేహాలు మాత్రం అవే. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. ఇక్కడే చదివి, ఇక్కడే ఒక డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్లుగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పినవాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎవరికి ఏది అవసరమో అది మాత్రమే చదువుకునేలా ప్రతి జవాబునూ విడిగా రాశాను.

## చేరడానికి ముందు

పదో తరగతి వరకూ తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఎం.ఏ. ఇంగ్లీషులో చేరితే నెట్టుకురాగలనా?

నెట్టుకురావడం కాదు, బాగా చదవగలరు. నాకు అన్నింటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీని వెనుక ఉన్న భయం నాకు తెలుసు. మాది అల్లూరు దగ్గర పల్లె. పీజీలో మొదటిరోజు ఒక్కొక్కరినీ లేచి పరిచయం చేసుకోమన్నారు. నాలుగు ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాల్లో అరచేతి మీద రాసుకుని వెళ్లాను. నా వంతు వచ్చేసరికి చెమటకు సిరా అంతా కలిసిపోయింది. నోట మాట రాలేదు. మేడమ్ నన్ను కూర్చోమనలేదు. "తెలుగులో చెప్పమ్మా, తర్వాత ఇద్దరం కలిసి ఇంగ్లీషులోకి మారుద్దాం" అన్నారు. ఆ రోజు చెప్పిన నాలుగు వాక్యాలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

తెలుగు మాధ్యమం వారికి నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండు మూడే. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుంది. మనం ఇంటిలో, ఊరికి, నాన్నతో అని పదం వెనుక చేర్చేవాటిని ఇంగ్లీషు పదానికి ముందు పెడుతుంది. ఇక 'ఎ', 'ది' అనే చిన్న మాటలకు తెలుగులో సాటివచ్చేవి లేవు, అందుకే ఎక్కడ పెట్టాలో మనకు చప్పున తట్టదు. చేరడానికి ముందు రెండు నెలల సమయం ఉంటే ఈ మూడింటి మీద రోజూ ఒక గంట కూర్చోండి. రోజూ ఒక పేజీ సొంతంగా రాయండి. ఏం రాయాలో తోచకపోతే ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయండి. నేను చూసినంతలో రెండు సెమిస్టర్లు తిరిగేసరికి ఎవరు ఏ మాధ్యమం నుంచి వచ్చారో తరగతిలో పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఈ రెండు జిల్లాల్లో విశ్వవిద్యాలయాలు ఏవి? సీటు ఎలా వస్తుంది?

నెల్లూరు జిల్లాలో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. దాని ప్రాంగణం నెల్లూరుకు దక్షిణాన, జాతీయ రహదారి పక్కన కాకుటూరులో ఉంది. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది. అంతకుముందు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రంగా ఉన్నచోట, ప్రకాశం పంతులు గారి బిరుదుతో 2022లో ఇది ఏర్పడింది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లకు 2021 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ పీజీసెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష జరుగుతోంది. కంప్యూటర్ మీద రాయాలి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కాబట్టి ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలకండి. ర్యాంకు వచ్చాక ధ్రువపత్రాల పరిశీలన, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు. ఏ కళాశాలలో ఆ ఏడాది ఇంగ్లీషు సీట్లున్నాయో ఆ ఆప్షన్ల జాబితాలోనే కనిపిస్తుంది. మన పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఒకే ఒక్క కళాశాల పెట్టి ఊరుకుంటారు, అది రాకపోతే ఏడాది పోయిందని ఏడుస్తారు. బస్సులో వెళ్లి రాగలిగినవన్నీ ఇష్టమైన వరుసలో పెట్టండి.

డిగ్రీలో బీకాం చదివాను. ఇంగ్లీషు పీజీకి అర్హత ఉంటుందా?

ఆ ఏడాది పీజీసెట్ ప్రకటనలో ప్రతి సబ్జెక్టుకూ ఎదురుగా అర్హత గడి ఉంటుంది. దరఖాస్తు రుసుము కట్టే ముందు దాన్ని మీ కళ్లతో చదవండి, ఎవరో చెప్పినదాన్ని నమ్మకండి. బీకాం, బీఎస్సీ చదివి ఇంగ్లీషులోకి వచ్చి బాగా రాణించినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు సాహిత్య చరిత్ర కొత్తగా ఉంటుంది, అంతే. ఒక సాహిత్య చరిత్ర పుస్తకం ముందే చదివి వస్తే ఆ లోటు తీరుతుంది.

ఎం.ఏ. ఇంగ్లీషు అంటే స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులాంటిదేనా?

కాదు. ఇది సాహిత్యం, భాషాశాస్త్రం, విమర్శ కలిసిన చదువు. నాటకం, కవిత్వం, నవల, భారతీయ ఇంగ్లీషు సాహిత్యం, అమెరికన్ సాహిత్యం, భాషా బోధన పద్ధతులు, సాహిత్య సిద్ధాంతాలు ఉంటాయి. మాట్లాడటం కూడా వస్తుంది, కానీ చదవగా చదవగా వస్తుంది. మూడు నెలల్లో గడగడా మాట్లాడాలన్నదే మీ కోరికైతే దానికి వేరే దారులున్నాయి. రెండేళ్లు కథలతో, కవితలతో గడపడం ఇష్టమైతేనే ఇటు రండి.

"దీంతో ఉద్యోగం వస్తుందా?" అని నాన్న అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఆయన అడగడం న్యాయమే. సూటిగా చెప్పండి. పాఠశాలలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి బీఈడీ, టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష కూడా కావాలి, ఎం.ఏ. ఒక్కటే చాలదు. జూనియర్ కళాశాల అధ్యాపక ఉద్యోగానికి పీజీ ఆధారం. డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే పీజీలో మంచి మార్కులతోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ ఉండాలి. ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్లు కావాలి, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల అలాంటి కళాశాలలు చాలానే ఉన్నాయి. అనువాదం, పత్రికా రచన, కంపెనీలకు రాతపని కూడా ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగం వెంటనే వచ్చి ఒళ్లో పడుతుందని మాత్రం ఇంట్లో మాట ఇవ్వకండి. రెండేళ్ల పీజీ తర్వాత ఇంకో రెండేళ్లు తయారీకి పడుతుందని ముందే చెబితే ఇంట్లో వాళ్లూ మీతో నిలబడతారు.

## చేరిన కొత్తలో

నెల రోజులైంది, పాఠాలు ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. మానేయాలా?

మానేయకండి. మొదటి నెలలో అర్థం కాకపోవడం అందరికీ జరిగేదే, పైకి చెప్పుకోరంతే. సాయంత్రం గదికి వెళ్లాక ఆ రోజు పాఠంలోని ఒకే ఒక్క పేజీని గొంతెత్తి చదవండి. నిఘంటువు పక్కన పెట్టుకోండి, కానీ తెలియని ప్రతి పదానికీ తెరవకండి. పేజీకి అయిదు పదాలు చాలు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేను రాజారావు 1938లో ప్రచురించిన 'కాంతపుర' నవల ఇస్తాను. కన్నడ సీమలోని ఒక పల్లె కథ అది. ఊళ్లోని అచ్చక్క అనే పెద్దావిడ చెబుతుంది. స్థలపురాణంతో మొదలై, ఊపిరి తిప్పుకోకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చే వాక్యాలతో సాగుతుంది. ఒక విద్యార్థిని రెండు పేజీలు చదివి, "మేడమ్, మా నాయనమ్మ ఇలాగే చెబుతుంది" అంది. ఇంగ్లీషు పుస్తకంలో తన ఇంటి గొంతు వినిపించిన పిల్లకు ఆ తర్వాత షేక్స్పియర్ అంటే కూడా భయం పోయింది.

భాషా ప్రయోగశాలలో ఏం చేయిస్తారు? నా ఉచ్చారణ మారుతుందా?

ఇంగ్లీషుకు అక్షరాలు 26, ధ్వనులు మాత్రం 44 అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అందులో 20 అచ్చులు, 24 హల్లులు. రాత ఒకలా, పలుకు ఒకలా ఉండటానికి అదొక కారణం. తెలుగులో రాసిందే చదువుతాం కాబట్టి మనకు ఇది వింతగా తోస్తుంది. చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని విని, పలికి, మన గొంతు మనమే రికార్డు చేసుకుని మళ్లీ వినడమే ప్రయోగశాలలో జరిగే పని.

ఒక చిన్న ప్రయోగం ఇంట్లోనే చేసుకోవచ్చు. పల్చటి కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకుని 'పెన్ను' అనండి. కాగితం కదలదు. ఇంగ్లీషువాళ్లు 'పెన్' అన్నప్పుడు గాలి పెదవులను తోసుకుని వచ్చి కాగితం ఎగురుతుంది. పదం మొదట్లో వచ్చే ప, ట, క ధ్వనులను వాళ్లు అలా ఊపిరితో పలుకుతారు. ద్రాక్ష తీగను, ద్రాక్ష సారాయిని మనం ఒకేలా 'వైన్' అని రాస్తాం, ఒకేలా పలుకుతాం. ఇంగ్లీషులో మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకుతాయి, రెండోదానికి పెదవులు సున్నాలా గుండ్రమవుతాయి. మనకు మాటలు అచ్చుతో ముగియడం అలవాటు. అందుకే అవి బస్సు, కారు, పెన్ను అయ్యాయి. తెలుగు మాట్లాడేటప్పుడు అది తప్పు కాదు, మన భాష వాటిని తన సొంతం చేసుకున్న తీరు అది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి ఉకారాన్ని వదిలేయండి.

ఒక్కటి మనసులో పెట్టుకోండి. లండన్ యాసను అనుకరించమని ఎవరూ అడగరు. వినేవాళ్లకు రెండోసారి చెప్పాల్సిన అవసరం లేకుండా పలికితే చాలు. నెల్లూరు పిల్ల ఇంగ్లీషులో నెల్లూరు కాస్త వినిపించడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

తరగతిలో తెలుగులో సందేహం అడగవచ్చా?

అడగండి. అడగకుండా ఉండిపోవడం కంటే తెలుగులో అడగడం వెయ్యి రెట్లు మేలు. వారం వారం అదే ప్రశ్నను ఇంగ్లీషులో అడిగే ప్రయత్నం చేయండి.

గైడు చదివి పరీక్ష రాస్తే సరిపోదా? మూలగ్రంథం చదవడం తప్పదా?

గైడుతో ఉత్తీర్ణులు కావచ్చు. కానీ నెట్‌లో, మౌఖిక పరీక్షల్లో, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అడిగేది గైడులో ఉండదు. ఎన్నో ఉత్తరపత్రాలు దిద్దినదాన్ని, పది కాగితాల్లో ఒకే తప్పు అదే చోట కనబడితే అవన్నీ ఏ గైడు నుంచి వచ్చాయో తెలిసిపోతుంది. ముందు మూలం చదవండి, తర్వాత కావాలంటే గైడు చూడండి. మూలం చదివినవాళ్ల జవాబులో ఒక చిన్న సన్నివేశమో ఒక మాటో వాళ్లదైనది కనిపిస్తుంది. దిద్దేవాళ్ల చేయి అక్కడ ఆగుతుంది.

పుస్తకాలు కొనే స్థోమత లేదు. ఎక్కడ దొరుకుతాయి?

మొదట విభాగం గ్రంథాలయం, తర్వాత విశ్వవిద్యాలయ గ్రంథాలయం. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి, ఖర్చు కొద్దిగానే అవుతుంది. కాపీహక్కులు తీరిపోయిన పాత ఇంగ్లీషు రచనలను ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ నుంచి ఉచితంగా ఫోనులోకి దించుకోవచ్చు. షేక్స్పియర్, డికెన్స్, జేన్ ఆస్టెన్ అంతా అక్కడున్నారు. పీజీ పాఠాల కోసం ప్రభుత్వం తయారుచేయించిన ఈ-పీజీ పాఠశాల, స్వయం వేదికలు కూడా ఉచితమే. సీనియర్ల పుస్తకాలు అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి.

## సదస్సులు, నాటకాలు, అనువాదాలు

విభాగంలో ఏ కార్యక్రమం ఎప్పుడు జరుగుతుందో ఎలా తెలుసుకోవాలి?

నోటీసు బోర్డు చూడండి. తరగతి వాట్సాప్ గ్రూపులో వంద సందేశాల మధ్య అసలు సంగతి కొట్టుకుపోతుంది. రోజూ వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి బోర్డు దగ్గర ఆగండి. ఊళ్ల నుంచి బస్సులో వచ్చిపోయే వాళ్లు సాయంత్రం కార్యక్రమాలకు ఉండలేకపోతున్నామని బాధపడుతుంటారు. ఆ సంగతి విభాగాధిపతికి ముందే చెప్పండి. నలుగురు కలిసి అడిగితే మధ్యాహ్నానికి మార్చిన సందర్భాలున్నాయి.

సదస్సులో పేపరు చదవమన్నారు. పేపరు అంటే ఏమిటి? నేను చదవగలనా?

పేపరు అంటే ఒక చిన్న ప్రశ్న తీసుకుని, దానికి మీరు కనుక్కున్న జవాబును ఆధారాలతో పది పదిహేను నిమిషాల్లో నలుగురి ముందు పెట్టడం. ముందుగా సంక్షిప్తి పంపాలి. సాధారణంగా 250 నుంచి 300 పదాలు. దేని గురించి రాస్తున్నారు, ఎందుకు, ఏ రచనల ఆధారంగా, ఏం తేల్చారు అన్నవి అందులో ఉంటే చాలు. పది నిమిషాలు చదవడానికి పన్నెండు వందల పదాలు సరిపోతాయి. ఇంట్లో గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి.

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు అంశం ఎంపికలోనే జరుగుతుంది. "షేక్స్పియర్ నాటకాల్లో స్త్రీలు" అని మొదలుపెడతారు. అది జన్మంతా రాసినా తెమలదు. ఒక నాటకం, ఒక పాత్ర, ఒక అంకం తీసుకోండి. లేదా మన ఊరి నుంచే అంశం ఎంచుకోండి. మద్రాసు నుంచి 'పీపుల్స్ ఫ్రెండ్' అనే ఇంగ్లీషు వారపత్రికను 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో నడిపిన దంపూరు నరసయ్య నెల్లూరు ప్రాంతం వారు. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి వెళ్లి ఇంగ్లీషులో సంపాదకీయాలు రాసిన మనిషి గురించి మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? ఇలాంటి అంశం మీద మీరు మాట్లాడుతుంటే ఢిల్లీ నుంచి వచ్చిన ఆచార్యులు కూడా పెన్ను తీసి రాసుకుంటారు.

చదివేటప్పుడు చేతులు వణుకుతాయి. వణకనివ్వండి. కాగితం బల్ల మీద పెట్టి చదవండి.

డబ్బు కడితే వ్యాసం ప్రచురిస్తామని సందేశాలు వస్తున్నాయి. కట్టవచ్చా?

కట్టకండి. నేను పీజీలో ఉన్నప్పుడు పన్నెండు వందలు కట్టి ఒక పత్రికలో వ్యాసం వేయించుకున్నాను. అప్పటికి అది నా నెల భోజనం ఖర్చు. పంపిన రెండో రోజే 'అంగీకరించాం' అన్నారు. పేరులో తప్పు, శీర్షికలో తప్పు, ఎవరూ చదివిన జాడే లేదు. తర్వాత ఇంటర్వ్యూలో ఆ పత్రిక పేరు చెబితే ఎదుటివారు ఒక్క క్షణం నా వైపు చూసి కాగితం తిప్పేశారు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

పరిశోధన పత్రికలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పెట్టిన యూజీసీ-కేర్ అనే జాబితాలో పేరుందా అని చూడటం మొన్నటి వరకూ అలవాటు. ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసి, పత్రికల నాణ్యతను అంచనా వేసుకోవడానికి కొన్ని ప్రమాణాలు ఇచ్చింది. ఇప్పటికీ "యూజీసీ-కేర్ పత్రిక" అని ప్రచారం చేసుకునే వాళ్లున్నారు, జాగ్రత్త. సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా, వ్యాసాన్ని నిపుణులు చదివి సవరణలు చెబుతారా, పాత సంచికలు దొరుకుతాయా అని చూడండి. రెండు రోజుల్లో అంగీకారం వచ్చిందంటే అనుమానించండి.

ఏప్రిల్ 23న ఇంగ్లీషు విభాగాల్లో ఎందుకంత సందడి?

షేక్స్పియర్ 1616లో ఆ రోజున మరణించాడు. పుట్టింది 1564లో, బాప్టిజం జరిగింది ఏప్రిల్ 26న కాబట్టి పుట్టినరోజును కూడా 23గానే జరుపుకోవడం ఆనవాయితీ. యునెస్కో ప్రపంచ పుస్తక దినం, ఐక్యరాజ్యసమితి ఇంగ్లీషు భాషా దినం కూడా అదే రోజు. పరీక్షల కాలం కాబట్టి మన దగ్గర కొన్నిసార్లు ముందుకో వెనక్కో జరుపుతారు.

నాటకంలో వేషం వేయమంటున్నారు. వేదిక ఎక్కాలంటే భయం. తప్పించుకోవచ్చా?

తప్పించుకోవచ్చు, కానీ పూర్తిగా దూరం కావద్దు. తెర వెనుక నిలబడి సంభాషణలు అందించే పని తీసుకోండి. మొత్తం నాటకం మీకు కంఠస్థమవుతుంది. మరుసటి ఏడాది మీరే వేషం అడుగుతారు.

అనువాద కార్యశాల అని పెట్టారు. ఇంగ్లీషు విభాగంలో తెలుగుతో పనేమిటి?

ఇది నాకు ప్రాణమైన విషయం, కొంచెం ఎక్కువ చెబుతాను. పెన్న ఒడ్డున కూర్చుని తిక్కన భారతంలో 15 పర్వాలను తెలుగు చేసిన నేల ఇది. నెల్లూరు జిల్లావాడైన దువ్వూరి రామిరెడ్డి ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి తెలుగులోకి తెచ్చారు. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం కూడా మైసూరు నుంచి తరలివచ్చి ఇప్పుడు నెల్లూరు జిల్లాలోనే పనిచేస్తోంది. రెండు భాషల మధ్య నిలబడి పనిచేయడం ఇక్కడ కొత్తగా వచ్చిన ముచ్చట కాదు.

కార్యశాలలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. కోవూరు నుంచి వచ్చే ఒక అబ్బాయికి చిన్న తెలుగు కథ ఇచ్చారు. అందులో "పైరు పాలు పోసుకుంటోంది" అనే వాక్యం ఉంది. తోటి విద్యార్థి ఒకరు పొలానికి పాలు పోస్తున్నారని రాశారు. ఈ అబ్బాయి రైతు బిడ్డ. గింజ గట్టిపడక ముందు లోపల పాలలా ఉండే దశ అది అని లేచి చెప్పాడు. వ్యవసాయ శాస్త్రంలో ఇంగ్లీషులోనూ దాన్ని పాల దశ అనే పిలుస్తారని వెతికి పట్టుకొచ్చాడు. అక్కడితో ఆగలేదు. ఆ పేరు పెడితే అర్థం వస్తుంది కానీ "పోసుకుంటోంది" అన్నమాటలో పైరు తనకు తానే చేసుకుంటున్న పని ఒకటుంది, నీళ్లోసుకోవడం వంటి మాటలో ఉన్న కడుపుతో ఉన్న తల్లి స్ఫురణ ఉంది, అది ఎలా తేవాలని అడిగాడు. మధ్యాహ్నమంతా ఆ ఒక్క వాక్యం మీదే నడిచింది. ఆ రోజు గదిలో అందరికంటే పెద్ద పండితుడు వాడే.

వదిన, వియ్యపురాలు, ఎంగిలి, మడి, మొలగొలుకులు. వీటిని ఇంగ్లీషులోకి తేవాలని కూర్చోండి. రెండు భాషలూ ఒకేసారి లోతుగా తెలియడం మొదలవుతుంది. మంచి తెలుగు వచ్చినవాళ్లకు ఈ విభాగంలో లోటు ఉండదు.

## చివరి సెమిస్టర్

ప్రాజెక్టుకు ఏ అంశం తీసుకోవాలి?

మూలపాఠం మీ చేతికి అందేది, పరిధి చిన్నది, మీకు మక్కువ ఉన్నది. ఈ మూడూ కుదిరితే చాలు. మన జిల్లాల గురించి ఇంగ్లీషులో రాసిన పాత పుస్తకాలు మంచి గని. బాస్వెల్ కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. ఒక బ్రిటిష్ అధికారి మన ఊళ్లను, కులాలను, పంటలను ఏ మాటలతో వర్ణించాడో చదివితే ఇంగ్లీషు గద్యం గురించీ, పాలకుడి చూపు గురించీ ఒకేసారి రాయవచ్చు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని ఒప్పుకుని కూలీలకు పని చూపించారు. ఆయన ఇంగ్లీషు జ్ఞాపకాలు కూడా అచ్చయ్యాయి. వాటిలో మన తాతముత్తాతల ఆకలి ఉంది. మన పిల్లలు చదవకపోతే ఎవరు చదువుతారు?

ఇంటర్నెట్‌లో అక్కడక్కడా తీసుకుని అతికిస్తే పట్టుబడతామా?

పట్టుబడతారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకూ ఉంటే చర్య ఉండదు. 10 దాటి 40 వరకూ ఒక స్థాయి, 60 వరకూ మరో స్థాయి, 60 దాటితే అన్నింటికంటే కఠినమైన స్థాయి. ఎవరి మాటైనా తీసుకుంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేరు చెప్పండి. ఇంగ్లీషు విభాగాల్లో మూలాలను చూపడానికి ఎక్కువగా ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి పాటిస్తారు, దాని తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది. కృత్రిమ మేధతో రాయించిన ప్రాజెక్టు వైవా అనే మౌఖిక పరీక్షలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. "ఈ మాట ఇక్కడ ఎందుకు వాడారు?" అంటే చెప్పలేరు.

యూజీసీ నెట్ ఎలా ఉంటుంది? ఎప్పటి నుంచి చదవాలి?

ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబర్ విడతలుగా జరుగుతుంది. మూడు గంటల్లో రెండు పేపర్లూ ఒకే విడతలో రాయాలి. అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరులో 50 ప్రశ్నలకు 100 మార్కులు, ఇంగ్లీషు పేపరులో 100 ప్రశ్నలకు 200 మార్కులు. తప్పుకు కోత లేదు. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం చాలు. చివరి ఏడాది చదువుతున్నవాళ్లూ రాయవచ్చు.

ఇంగ్లీషు సిలబస్‌లో పది యూనిట్లు. నాటకం, కవిత్వం, నవల, వచనం మన తరగతుల్లో వస్తాయి. భారతదేశంలో ఇంగ్లీషు చరిత్ర, సాంస్కృతిక అధ్యయనాలు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సిద్ధాంతాలు, పరిశోధన పద్ధతులు అన్నవాటిని మనవాళ్లు చివరికి వదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే. మూడో సెమిస్టర్ నుంచి రోజుకు రెండు గంటలు కేటాయించండి, పాత ప్రశ్నపత్రాలు తప్పక చేయండి. మొదటి పేపరును చిన్నచూపు చూడకండి. మన రాష్ట్రానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్ కూడా రాయండి.

చివరి సెమిస్టర్‌లో ఉండగా పెళ్లి కుదిరింది. చదువు ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.

ఇలాంటి ఫోన్లు ప్రతి ఏడాదీ వస్తాయి. పెళ్లి మాటలప్పుడే, ముహూర్తం పెట్టక ముందే, పరీక్షల తేదీలు అత్తింటివారి ముందు పెట్టించండి. ఈ మాట మీరు చెప్పలేకపోతే మీ నాన్నగారో మేనమామో చెప్పాలి. విభాగాధిపతిని కలవండి, హాజరు సంగతి ముందుగానే మాట్లాడుకోండి. ఒకవేళ పరీక్ష తప్పినా సప్లిమెంటరీ ఉంటుంది, పట్టా చేతికి రావడానికి ఆలస్యమవుతుందంతే. చంటిబిడ్డను తల్లికి అప్పగించి వచ్చి చివరి పేపరు రాసి, ఆ తర్వాత ఏపీ సెట్ గెలిచిన అమ్మాయి నా తోటి అధ్యాపకురాలు.

## పరిశోధన, ఆ తర్వాత

పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పడుతుంది? ఎం.ఫిల్. ముందు చేయాలా?

ఎం.ఫిల్. అవసరం లేదు, 2022 యూజీసీ నిబంధనలతో ఆ కోర్సు రద్దయింది. పీహెచ్‌డీకి కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు అదనపు గడువు ఇస్తారు. ప్రసూతి కోసం 240 రోజుల వరకూ సెలవు ఉంటుంది. 2024 నుంచి నెట్‌లోనే పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే వర్గాన్ని కూడా చేర్చారు. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, దాంతో పరిశోధన సాగుతుంది, ఇంటికీ కొంత పంపగలుగుతారు. అంశం ఖరారు చేసే ముందు శోధ్‌గంగలో వెతకండి. మన దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితంగా చదవవచ్చు. మీ అంశం మీద ఇప్పటికే ఎవరైనా రాశారేమో ఒక సాయంత్రంలో తెలిసిపోతుంది.

చదువు పూర్తయి అయిదేళ్లయింది. ఉద్యోగం రాలేదు. మళ్లీ విభాగానికి రావడానికి మొహం చెల్లడం లేదు.

రండి. విభాగం గడప దాటడానికి ఉద్యోగం ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పూర్వ విద్యార్థిగా గ్రంథాలయంలో కూర్చోవడానికి అనుమతి అడిగితే ఇస్తారు. నెట్‌కు చదివే పిల్లలు నలుగురైదుగురు ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో కలవండి. ఒకరికి పాఠం చెప్పడం మొదలుపెడితే మరిచిపోయింది తిరిగి వస్తుంది. అలా వచ్చిన ఒకాయన ఇప్పుడు శనివారాల్లో మొదటి సెమిస్టర్ పిల్లలకు వ్యాకరణం చెబుతున్నారు. తెలుగు మాధ్యమం పిల్లలు ఆయన కోసం ముందు వరుసలో చోటు పట్టుకుంటారు.